నడుమెత్తు ఆవు

తొమ్మిదో తరగతి సి సెక్షను గోడమీది ఆవును పొద్దున ఎనిమిదిన్నరకల్లా పితకాలి. పావుగంట ఆలస్యమైందంటే అది కాలు దులిపేస్తుంది, ఆపైన ఎంత బుజ్జగించినా పాలు చేపదు. ఆ సంగతి కుప్పమ్మకు తెలిసినంత బాగా స్కూల్లో ఇంకెవరికీ తెలియదు. గేటు తాళం తీయడం, గదులు ఊడ్వడం, కుండలకు నీళ్ళు పట్టడం, ఆవును పితకడం, ఎనిమిది ముక్కాలుకు హెడ్మాస్టరు రామమూర్తిగారి టేబులుమీద కాఫీ పెట్టడం, తొమ్మిదికి గంట కొట్టడం. ఇదీ ఆమె ఉద్యోగం. ఆవు వచ్చి ఇన్ని నెలలైనా జీతంలో మార్పు లేదని ఆమె సణుగుతూనే ఉంటుంది, చెంబు మాత్రం రోజూ కడిగి పెట్టుకుంటుంది.

బొగ్గుతో గీసిన ఆవైనా పాలు తెల్లగానే ఉండేవి, పైగా చిక్కన. పేడ ఒక్కటే తేడా. నల్లగా, పొడిపొడిగా, వట్టి బొగ్గే. దాన్ని కుప్పమ్మ చేటలోకి ఎత్తి కిటికీ గట్టుమీద పెట్టేది. డ్రాయింగు పీరియడ్లో పిల్లలు దానితోనే బొమ్మలు గీసుకునేవాళ్ళు.

1981లో పుంగనూరు ఊరి బయట ఉన్న ఆ హైస్కూల్లో ఇదంతా ఎవరికీ వింత కాదు. గోడమీది ఆవు పాలివ్వడం సరే, గీసింది సి సెక్షను పిల్ల అంటేనే జనం నోరు తెరిచేవాళ్ళు.

సి సెక్షను అంటే ఏమిటో చెప్పాలి. ఏ సెక్షన్లో చదివేవాళ్ళు ఉండేవాళ్ళు. బి సెక్షన్లో, కొడితే చదివేవాళ్ళు. ఎటూ కాకుండా మిగిలినవాళ్ళను సి లో వేసేవాళ్ళు. వాళ్ళ బెంచీలను ఏ సెక్షనుకు మోసుకుపోయారు, వాళ్ళు నేలమీద కూర్చున్నారు. వాళ్ళ డ్రాయింగు పీరియడ్ను లెక్కల మాస్టరు తీసేసుకున్నాడు. ఆ పీరియడ్లో ఆయన లెక్కలు చెప్పేదీ లేదు, ఏ సెక్షను పేపర్లు దిద్దుకునేవాడు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది!

ఆ పీరియడ్ను వెనక్కి తెచ్చింది కమరున్నీసా. మదనపల్లెలో లారీలకు బొమ్మలు వేసే అబ్దుల్ గఫార్ కూతురు. లారీ వెనక తలుపులమీద హంసలు, తామరపూలు దిద్దుతూ పెరిగిన మనిషి. డ్రాయింగు టీచరుగా పుంగనూరుకు బదిలీ అయినా ఇల్లు మార్చలేదు. రోజూ పొద్దున మదనపల్లెలో బస్సెక్కి వచ్చేది, సాయంత్రం బస్సెక్కి పోయేది. వచ్చిన మొదటి వారం లెక్కల మాస్టరు సి సెక్షను లోపలికి అడుగు పెట్టబోతే ఆమె గడపలో నిలబడింది. పక్కకు జరగలేదు. ఆయన కాసేపు దగ్గి, గడియారం చూసుకుని, వెళ్ళిపోయాడు.

ఆమె చెయ్యి తిరుగులేనిది. బోర్డుమీద మామిడిపండు గీస్తే తొడిమకాడి సొన కూడా కనబడేది. అయినా దానిమీద ఈగ వాలేది కాదు. ఆమె గీసిన దేనిమీదా పదిహేడేళ్ళుగా ఒక్క ఈగ వాలలేదు, ఒక్క ఆకు కదలలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనేది కాదు, ఎవరూ అడిగేవాళ్ళూ కాదు.

మొదటి రోజు ఆమె డ్రాయింగు పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో పళ్ళెంలో యాపిలు పండు.

“మీలో యాపిలు తిన్నోళ్ళు ఎవురు?” అని అడిగింది.

ఒక్క చెయ్యీ లేవలేదు.

“సూసినోళ్ళు?”

రెండు చేతులు లేచాయి, అందులో ఒకటి అనుమానంగా. కమరున్నీసా పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

“సరే. మీ ఇంట్లో మీకు తెలిసినంత బాగా ఇంకెవురికీ తెలీనిది ఏముండాదో, దాన్ని గీయండి. పేపరు లేదు కాబట్టి గోడమీద గీయండి. ఇదిగో, బొగ్గు.”

“మాకు రాదు టీచర్” అన్నారు అందరూ.

“రాదనేది ఎవురు నేర్పించినారప్పా మీకు? ఆ పాఠం మాత్రం బో బాగా వచ్చేసిండాదే!”

పిల్లలు నవ్వారు గానీ బొగ్గు ముట్టుకోలేదు. మూడు వారాలు అట్లాగే గడిచింది. ఆమె రోజూ బొగ్గు తెచ్చి గట్టుమీద పెట్టేది, రోజూ అది అక్కడే ఉండేది. గంట కొట్టేదాకా ఊరికే కూర్చునేది, ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు. పేరు పెట్టి పిలిస్తే చాలు భుజాలు ముడుచుకునే పిల్లలు వాళ్ళు. పిలుపు వెనక ఎప్పుడూ దెబ్బో తిట్టో ఉండేది మరి.

నాలుగో వారం ఎల్లమ్మ లేచింది.

ఎల్లమ్మది పెద్దపంజాణి పోయే దారిలో ఒక పల్లె. పొద్దున పశువులను తోలి వచ్చి, మూడు మైళ్ళు నడిచి బడికి వచ్చేది. మూడేళ్ళుగా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్’ అనేది కాదు, చెయ్యెత్తేది. లెక్కల మాస్టరు చెయ్యి చూడనట్టు నటించి ఆబ్సెంటు వేసేవాడు. ‘గోడ’ అని పేరు కూడా పెట్టాడు. రోజూ బడికొచ్చి కూర్చున్న పిల్ల రిజిస్టరు ప్రకారం సగం రోజులు బడికి రానే లేదు.

ఆ ఎల్లమ్మ బొగ్గు తీసుకుని వెనక గోడకు వీపు ఆనించి నిలబడింది. తన నడుముకాడ గోడమీద ఒక గీత పెట్టింది. మోచేతికాడ ఒకటి. మడమకాడ ఒకటి. తర్వాత తిరిగి, నడుముకాడి గీతనుంచి వీపు గీసింది, మోచేతికాడి గీతకు కొమ్ములు తగిలించింది, మడమకాడి గీతదాకా తోక దించింది. వెడల్పు నుదురు, కురచ కాళ్ళు, వెనక్కి కాస్త వాలిన నడ్డి. పుట్టినప్పటినుంచి ఆమె ఆ ఆవు పక్కన నిలబడి పెరిగింది. ఏ ఏట ఆవు వీపు తన ఒంట్లో ఎక్కడికి వచ్చేదో ఆమెకు తెలుసు. కిందటి ఎండాకాలం గడ్డి లేక అది పోయింది. దాని పేరు బుడ్డక్క.

పుంగనూరు ఆవులు అంతే ఉంటాయి. అట్లాంటివి అప్పటికే పల్లెకు ఒకటో రెండో మిగిలాయి. అందరూ ఎత్తు ఆవులను తోలుకొస్తున్నారు. పొట్టిదాన్ని పెంచి ఏం లాభం అని ఎల్లమ్మ నాయన కూడా అనేవాడు.

మరుసటి రోజు పొద్దున కుప్పమ్మ గది ఊడ్వబోతే గోడమీద బుడ్డక్క నెమరు వేస్తోంది. కుప్పమ్మ చీపురు ఆనించి, పోయి చెంబు తెచ్చుకుంది.

ఆపైన బొగ్గుకు కరువొచ్చింది. ఖాదర్ వలి అని నత్తి ఉన్న పిల్లవాడు వాళ్ళ అబ్బా కుట్టుమిషను గీశాడు. అది టకటకా ఆడుతూ ఉండేది, ఆగస్టు పదిహేనుకు స్కూలు జెండా అంచు చిరిగితే దానికింద పెట్టే కుట్టారు. ఆ మిషను ఆడుతున్నప్పుడు దాని లయలో మాట్లాడితే ఖాదర్ వలికి నత్తి వచ్చేది కాదు. వరలక్ష్మి వాళ్ళమ్మ ఎండబెట్టే మిరపకాయలు గీసింది. ఆ మూల నిలబడిన వాళ్ళకు తుమ్ములు. సైన్సు మాస్టరు తుమ్ముకుంటూనే పాఠం చెప్పేవాడు, పిల్లలు “చిరంజీవ సార్” అనేవాళ్ళు. క్లాసులో నోరు తెరవని పిల్లలు మొదట అనడం నేర్చిన మాట అదే.

ఇంత జరిగినా లెక్కల్లో, ఇంగ్లీషులో వాళ్ళ మార్కులు గబుక్కున ఏమీ పెరగలేదు. అబద్ధం చెప్పడం ఎందుకు?

జనవరిలో రామమూర్తిగారు ఒక లిస్టు రాశారు. మనిషి చెడ్డవాడు కాదు. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఫలితాలు రావాలని ఆయనకు ఒకటే పట్టుదల. తప్పేవాళ్ళు పరీక్షకే కూర్చోకపోతే తప్పే ప్రశ్నే ఉండదని ఆయన కనిపెట్టిన ఉపాయం. సి సెక్షన్లో పదకొండు పేర్లు. ఏడాది చివర వాళ్ళకు టీసీలు ఇచ్చి పంపేయాలి, తల్లిదండ్రులు కోరినందున అని రాసి. ఒక్కో నాయనను పిలిపించి వేలిముద్ర వేయించుకుంటున్నారు. మొదటి పేరు ఎల్లమ్మది.

ఎల్లమ్మ నాయన గోవిందస్వామి వేలికంటిన సిరా తుడుచుకుంటూ వరండాలో నిలబడి ఉంటే కమరున్నీసా ఎదురుపడింది.

“యాల ఏసినావప్పా వేలిముద్ర?”

“పిల్లకు సదువు రాదని సారే సెప్పినాడు కదమ్మా. కుప్పం పక్క శాంతిపురంలో మా సెల్లెలు ఉండాది. రాళ్ళు కొట్టేవాళ్ళకు వంట సేస్తాది. దానికి తోడుగా పంపిస్తా. ఈడ ఉంటే మాత్రం ఏం సేస్తాది? నోట్లోనించి మాటే రాదు దానికి.”

కమరున్నీసా అక్కడినుంచి నేరుగా హెడ్మాస్టరు గదిలోకి పోయింది. రామమూర్తిగారు కాఫీ తాగుతున్నారు.

“పాలు బాగుండాయా సార్?”

“బాగున్నాయమ్మా, కూర్చోండి.”

“ఎవురి పాలు సార్ అవి?”

ఆయన గ్లాసు కింద పెట్టారు. “చూడండమ్మా, పాలు వేరు, పబ్లిక్ పరీక్ష వేరు. ఆవు బొమ్మ గీస్తే మార్కులు వేసేది ఎవరు? ఆ పిల్లలు పరీక్షలకు పనికిరారు. నేను చెప్తున్నది కాదు, వాళ్ళ పేపర్లు చెప్తున్నాయి.”

“ఏ పరీక్షకూ పనికిరారా?”

“ప్రభుత్వం పెట్టే ఏ పరీక్షకైనా సరే! ఆ పదకొండు మందిలో ఒక్కరంటే ఒక్కరు ప్రభుత్వం ముద్ర ఉన్న సర్టిఫికెట్టు ఒకటి తెచ్చి ఈ టేబులుమీద పెట్టమనండి. పదకొండు పేర్లూ నా చేత్తో నేనే కొట్టేస్తాను. లేకపోతే పేర్లూ పోతాయి, ఆ గోడకు సున్నమూ పడుతుంది.”

“రాసివ్వండి సార్.”

ఆయన నవ్వుతూనే రాసి సంతకం పెట్టారు. సంతకం కింద తేదీ కూడా వేయించుకుని ఆమె బయటికి వచ్చింది.

ఫిబ్రవరిలో మదనపల్లెలో డ్రాయింగు లోయరు పరీక్ష ఉంది. ప్రభుత్వ పరీక్షే, ప్రభుత్వ ముద్రే. గోడలకు అలవాటు పడిన పిల్లల్లో చిన్న కాగితంమీద గీయగలిగింది ఎల్లమ్మ ఒక్కతే. ఫారం నింపి పంపించారు. లిస్టులోని మిగతా పది మందీ ఎల్లమ్మ చుట్టూ చేరి పెన్సిళ్ళు చెక్కి ఇచ్చారు. ఆ పెన్సిళ్ళు ఎక్కడివో కమరున్నీసా అడగలేదు.

అంతా బాగానే ఉంది. అయితే కమరున్నీసాకు ఆ పరీక్ష హాలు తెలుసు.

పదిహేడేళ్ళ కిందట ఆమె కూడా అదే హాల్లో అదే పరీక్ష రాసింది. జ్ఞాపకంతో ఆవును గీయమన్నారు. ఆమెకు పుంగనూరులో వాళ్ళ నానమ్మ ఇంటి ఆవు జ్ఞాపకం వచ్చింది, ఆమె గీసింది. చూడటానికి వచ్చిన పరీక్షాధికారి ఎర్ర పెన్సిలుతో ‘కాళ్ళు కురచ’ అని రాసి, ఆవుకు పొడుగు కాళ్ళు తానే గీసి చూపించాడు. అందరూ నవ్వారు. ఆమె తన ఆవును చెరిపేసి, ఆయన చూపించిన ఆవును గీసింది. ఫస్టు క్లాసు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఈగలు వాలడం మానేసింది ఆ రోజునుంచే.

అన్నీ తెలిసి కూడా ఆమె ఏం చేసిందో చూడండి. ఎల్లమ్మను కూర్చోబెట్టి పొడుగు కాళ్ళ ఆవును నేర్పించింది.

“ఒక్క రోజే కదా ఎల్లమ్మా. పరీక్షలో ఆవు వచ్చిందంటే ఇట్ల గీసేయి. వీపు మనిషి రొమ్ముకాడికి రావల్ల. వాళ్ళు సూసింది అట్లాంటి ఆవునే. మన ఆవును గీస్తే తప్పంటారు.”

ఎల్లమ్మ చెప్పినట్టే గీసింది. ఇరవై ఆవులు గీసింది. ఇరవయ్యీ చక్కగా ఉన్నాయి, ఒక్కటి కూడా చెవి కదిలించలేదు. చివరి కాగితాన్ని ఎల్లమ్మ కాసేపు చూసి, బోర్లా తిప్పి నేలమీద పెట్టింది. గోడమీద బుడ్డక్క మొహం అటు తిప్పుకుని ఉంది. కమరున్నీసాకు సిగ్గేసింది. సిగ్గేసినా మాట మార్చుకోలేదు. పదకొండు పేర్లు కదా అని తనకు తాను చెప్పుకుంది.

పరీక్ష రోజు హాల్లో అరవై మంది పిల్లలు ఉన్నారు. వెంట వచ్చిన టీచర్లను వరండాలో నిలబడనిచ్చారు. కమరున్నీసా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఉదయం పేపర్లు సవ్యంగానే గడిచాయి. మధ్యాహ్నం జ్ఞాపకంతో గీసే పేపరు. ఆ ఏడు ఆ ఒక్క పేపరును అక్కడికక్కడే, పిల్లల ముందరే దిద్దేస్తున్నారు. ప్రశ్న బోర్డుమీద రాశారు: ‘ఆవు పాలు పితుకుచున్న స్త్రీ.’

ఎల్లమ్మ పావుగంట పెన్సిలు ముట్టుకోలేదు. తర్వాత గీయడం మొదలుపెట్టింది. పొడుగు కాలు ఒకటి, ఇంకో పొడుగు కాలు. కమరున్నీసా ఊపిరి వదిలింది. అప్పుడు ఎల్లమ్మ రబ్బరు తీసుకుని రెండు కాళ్ళనూ చెరిపేసింది.

చెరిపేసి లేచి నిలబడింది. నడుముమీద చెయ్యి పెట్టి చూసుకుంది, మోచెయ్యి చూసుకుంది, వంగి మడమ ముట్టుకుంది. పక్క బెంచీ పిల్లలు కిసకిసా నవ్వారు. ఆమె కూర్చుని, తల ఎత్తకుండా గీసుకుంటూ పోయింది. కాగితంమీద కుప్పమ్మ గొంతుక్కూర్చుని మోకాళ్ళమధ్య చెంబు పెట్టుకుని ఉంది, నడుముకు తాళంచెవులు దోపుకుని. కూర్చున్న కుప్పమ్మ తలకు సమానంగా బుడ్డక్క వీపు.

పరీక్షాధికారి కోస్తా వైపునుంచి వచ్చిన పెద్దాయన. తెల్ల పంచె, మందపాటి కళ్ళద్దాలు. ఒక్కొక్క బెంచీ దిద్దుకుంటూ వచ్చి ఎల్లమ్మ దగ్గర ఆగాడు.

“ఏంటమ్మాయ్ ఇది? దూడకు పొదుగు పెట్టావేంటి?”

హాలంతా నవ్వింది.

“దూడయితే కొమ్ములుండవు, ఆవయితే ఇంత పొట్టిగా ఉండదు. కొలత అనేది ఒకటి ఉంటుంది కదా! ఇటివ్వు.” ఆయన ఎర్ర పెన్సిలు తీసి కాళ్ళు పొడిగించడానికి వంగాడు.

ఎల్లమ్మ అరచెయ్యి బొమ్మమీద పెట్టింది.

“ఆవును ముట్టుకోవద్దు సార్.”

మూడేళ్ళుగా వాడని గొంతు అది. బరువుగా, గీరుకుంటూ వచ్చింది. అయినా వరండా చివరిదాకా వినబడింది. కిటికీ దగ్గర కమరున్నీసా ఊచలను గట్టిగా పట్టుకుంది.

“ఏమిటీ?”

“ఇది పుంగనూరు ఆవు సార్. ఇంతే ఉంటాది. మీరు సూసిన ఆవులు మీ ఊర్లో ఉంటాయి. నేను సూసింది నేను గీసినా.”

“చెప్తే వినాలి. ఈ కొలతకు నేను వేసేది సున్నా. వేయమంటావా?”

“ఏసుకోండి సార్. కాళ్ళు మాత్రం మార్సను.”

ఆయన పేపరు మూలలో ఎర్రగా సున్నా చుట్టాడు. బుడ్డక్క మెడ చాచి, నాలుక బయటపెట్టి, ఆ సున్నాను నాకేసింది.

“అబ్బ, ఆవును పట్టుకోమ్మా” అన్నాడాయన విసుగ్గా.

“పట్టుకోను సార్” అంది ఎల్లమ్మ.

మార్కు లేని పేపరును కవర్లో పెట్టడానికి లేదు. ఆయన రూలు తప్పని మనిషి. పోనీలే అని పది వేశాడు. ఆవు పదిని నాకేసింది. ఇరవై వేశాడు, ఇరవై పోయింది. చుట్టుపక్కల నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. పిల్లలు పెన్సిళ్ళు కింద పెట్టి చూస్తున్నారు. ఆయన పళ్ళు బిగబట్టి ముప్పై అయిదు వేశాడు.

ముప్పై అయిదు అంటే పాసు. ముప్పై అయిదు అంటే పదకొండు పేర్లు. “చాలు, చాలు ఎల్లమ్మా, పట్టుకో దాన్ని, చాలు” అని కమరున్నీసా ఊచల మధ్యనుంచి గొణిగింది. ఎల్లమ్మకు వినబడింది. టీచరు వైపు చూసింది కూడా. చేతులు రెండూ ఒళ్ళోనే పెట్టుకుంది. బుడ్డక్క ముప్పై అయిదును తాపీగా, మూడు అంకె మొదలుకొని శుభ్రంగా నాకేసింది.

 భయం తగ్గాక కమరున్నీసాకు అర్థమైంది. ముప్పై అయిదు అంటే జాలితో వేసిన మార్కు. ఆ పిల్ల జాలి వద్దంటోంది. పదిహేడేళ్ళ కిందట తను అనలేకపోయిన మాటను ఈ పిల్ల చేతులు ఒళ్ళో పెట్టుకుని అంటోంది.

పరీక్షాధికారి పెన్సిలు కింద పెట్టి కళ్ళద్దాలు తీశాడు. పంచెకు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. బెంచీ పక్కన గొంతుక్కూర్చుని మొదటిసారి బొమ్మను చూశాడు. నేలకు తగిలే తోకను చూశాడు, వెడల్పు నుదురును చూశాడు, చెంబును మోకాళ్ళతో నొక్కిపట్టిన తీరును చూశాడు. కుప్పమ్మ పాదాల బొటనవేళ్ళు నేలను గట్టిగా పట్టుకుని ఉండటం కూడా చూశాడు.

“నిజంగా ఎంతుంటుంది?” అని అడిగాడు మెల్లిగా.

ఎల్లమ్మ లేచి నిలబడి నడుముమీద చెయ్యి పెట్టింది. “ఈడికి.”

“పాలు?”

“మా ఇంటికి సాలేది సార్. మీగడ బో మందంగా కడ్తాది.”

ఆయన తల ఊపి, ఎర్ర పెన్సిలు అందుకుని డెబ్బై ఎనిమిది వేశాడు. బుడ్డక్క మెడ చాచి ఆ అంకెను వాసన చూసింది. తర్వాత మెడ వెనక్కి తీసుకుని నెమరు వేసుకుంది.

“ఈ పేపరు మడవకండి” అన్నాడాయన గుమాస్తాతో. “లోపల ఆవుంది.”

సర్టిఫికెట్టు ఏప్రిల్లో వచ్చింది. కమరున్నీసా దాన్ని రామమూర్తిగారి టేబులుమీద కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు, ముద్రను వేలితో రుద్ది చూశారు.

“ఒక్కరికి వస్తే అందరి పేర్లూ ఎట్లా కొట్టేస్తామమ్మా?”

ఆమె ఆయన సంతకం ఉన్న కాగితాన్ని దాని పక్కన పెట్టింది. సిరా బుడ్డి మూత తీసి ఆయన ముందుకు జరిపింది. కిటికీ బయట పదకొండు మంది పిల్లలు నిలబడి ఉన్నారు. గదిలోకి చూడొద్దని వాళ్ళకు ఎన్నోసార్లు చెప్పారు, వాళ్ళు చూస్తూనే నిలబడ్డారు. రామమూర్తిగారు ఒక్కొక్క పేరు గట్టిగా చదువుతూ ఒక్కొక్క గీత కొట్టారు. మొదటి పేరు చదవగానే బయటినుంచి “ప్రెజెంట్ సార్!” అని వినబడింది. ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. “కుప్పానికి నేను పోను, మా నాయనకు సెప్పేసినా” అని కూడా అంది.

మరుసటి ఏడు పదకొండు మందీ పది పరీక్ష రాశారు. ఏడుగురు గట్టెక్కారు, నలుగురు తప్పి మళ్ళీ రాశారు. స్కూలుకు నూటికి నూరు రాలేదు. ఆకాశం విరిగి ఎవరి నెత్తినా పడలేదు. నిజానికి ఎల్లమ్మ కుప్పానికి పోయింది, అయిదేళ్ళ తర్వాత, డ్రాయింగు టీచరుగా. ఆమె హాజరు పిలిస్తే వీధి చివరిదాకా వినబడేదట. పిల్లలు చెయ్యెత్తినా ప్రెజెంటే వేసేదట. శాంతిపురంనుంచి వాళ్ళ అత్త ఒకసారి చూడ్డానికి వస్తే, క్లాసు గోడమీద మేకలు అరుస్తున్నాయి.

అదంతా తర్వాతి మాట. లిస్టు కొట్టేసిన రోజు సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక కమరున్నీసా సి సెక్షన్లో ఒంటరిగా ఉండిపోయింది. బస్సు హారను వినబడింది, ఆమె కదల్లేదు. కిటికీ గట్టుమీది చేటలోనుంచి బొగ్గు ముక్క ఒకటి ఏరుకుంది. గోడకు వీపు ఆనించి నిలబడింది. చెప్పులు విప్పేసింది.

నానమ్మ ఇంట్లో దూడ ఆమె మోకాలు దాటి ఒక జానెడు ఉండేది. అక్కడ ఒక గీత పెట్టింది. ఆమె చెయ్యి హంసలకూ తామరలకూ వణకలేదు, దూడకు వణికింది. ఒక చెవి పెద్దదైంది. ముందు కాలు వంకరైంది. రబ్బరుంటే చెరిపేసేదేమో, గోడమీది బొగ్గుకు రబ్బరు లేదు. కాళ్ళు మాత్రం కురచగా, అవి ఉండాల్సినంత కురచగా గీసింది. చివరి బస్సుకు నల్లటి వేళ్ళతో ఎక్కితే కండక్టరు టికెట్టుమీద మరక పడిందని సణిగాడు.

పొద్దున ఆమె స్కూలు గేటు దాటేసరికి రామమూర్తిగారి గొంతు వినబడుతోంది.

“కుప్పమ్మా! ఏమిటీ కాఫీ ఇంత నల్లగా?”

“పాలు లేవు సార్.”

“ఎందుకు లేవు? ఆవుకు ఏమైంది?”

“ఆవు బాగానే ఉండాది. దూడ తాగేసిండాది సార్. దానికి పోను మిగిలితే మీకు.”

కమరున్నీసా చేతిసంచీ కూడా దించకుండా సి సెక్షనులోకి పోయింది. బుడ్డక్క పొదుగుకింద దూడ వంకర కాలు ఎడంగా పెట్టి నిలబడి ఉంది, మూతినిండా నురగ. పెద్ద చెవిమీద ఒక ఈగ వాలి ఉంది. దూడ చెవి విదిలిస్తే ఈగ లేచి, గదంతా ఒక చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. కమరున్నీసా దాన్ని తోలలేదు.